అరచేతి తుడుపు

తీగ మీద ఆరేసిన ప్రింట్లన్నిటిలోనూ ఆకాశం పాడైపోయి ఉంది. సన్నటి చారలు మూడు, ఎడమ నుంచి కుడికి, దువ్వెన పెట్టి దువ్వినట్టు. ఒక్క ప్రింటులో ఉంటే పొరపాటనుకోవచ్చు. వరసగా అన్నిటిలోనూ, అదే చోట, అదే ఎడంతో ఉన్నాయి. రెండు వారాలు పొరుగూరి కాలేజీలో పాఠాలు చెప్పి ఆ ఉదయమే తిరిగొచ్చిన చిటపట, భుజం మీది సంచీ కూడా దించకుండా వాటి ముందు నిలబడిపోయింది. ఆ రాగి రేకు మీద ఆమె పడ్డ పాట్లు అన్నీఇన్నీ కావు. రేకంతా వార్నిష్ పూసి, సూదితో ఒక్కో గీతా గీసి, రాగిని మెల్లగా కరిగించే నీలం నీళ్ళ తొట్టిలో వేలాడదీసి, గీత ఎంత లోతుకు దిగిందో భూతద్దంతో చూసుకుంటూ చేసుకొచ్చిన బొమ్మ అది. ఒళ్ళు మండిపోయింది.

చిటపట అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు కాదు. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు మాట్లాడుతుందని, బొమ్మలు అచ్చేసే వర్క్‌షాప్ నడిపే మాస్టారు పెట్టిన ముద్దుపేరు. ముద్దు ఆయనకే. ఆ పేరు అంటుకున్నాక ఆమెకో చిక్కొచ్చిపడింది. ఏ కారణానికి గొంతు పెంచినా జనం కారణాన్ని వదిలేసి పేరును తలుచుకుని నవ్వుతారు. ఇల్లు కాలిపోతోందని అరిచినా, ఇవాళ బాగా చిటపటలాడుతున్నావే అంటారు.

ఆ ప్రింట్లు తీసింది వదిన, స్వయానా అన్నయ్య భార్య. రాగి రేకును వేడి పలక మీద పెట్టి, ఇంకు అద్ది, గీతల్లోకి దూరేదాకా రుద్ది, పైన మిగిలినదాన్ని పలచటి గుడ్డతో తుడవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. చివరి తుడుపు ఉంది చూడండి, అది అందరికీ అబ్బదు. అరచేతికి సుద్దపొడి రాసుకుని, చిటికెనవేలి కిందుండే మెత్తటి కండతో, పసిబిడ్డ వీపు నిమిరినంత తేలిగ్గా రేకు మీద చెయ్యి ఆడించాలి. గీతలోని ఇంకు గీతలోనే ఉండాలి, పైనున్నది మాత్రం పోవాలి. చెయ్యి కొంచెం బరువైతే బొమ్మ వెలవెలబోతుంది, కొంచెం బెరుకైతే మురికిగా వస్తుంది. వదిన తుడిస్తే ఆకాశం ఆకాశంలా ఉంటుందని ఊరూరి నుంచీ బొమ్మలేసేవాళ్ళు రేకులు పట్టుకొచ్చేవాళ్ళు. ఆ ప్రింట్ల కింద వదిన పేరు ఎక్కడా ఉండదు. అది వేరే సంగతి.

"ఏంటిది వదినా? నేను లేనని కళ్ళు మూసుకుని తుడిచావా?"

వదిన ప్రెస్సు చక్రం దగ్గరుంది. ఎప్పుడూ నాలుగు మాటలకు ఒక మాటైనా తిరిగి అంటించే మనిషి, తల వంచుకుని కాగితం తడుపుతోంది, అదీ ఎడమచేత్తో. కుడిచెయ్యి ఏప్రన్ జేబులో ఉంది. చిటపటకి అప్పుడు కూడా అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి, కోపంగానే, ఆ చెయ్యి బయటికి లాగింది.

అరచేతి అంచున, తుడుపుకు ఆనే ఆ కండ మీదే, మూడు గుంటలు. గుండ్రంగా, లోపలికి తవ్వినట్టు, అంచులు గట్టిపడి పైకి లేచి. ఎవరో మేకు పెట్టి కొట్టి తీసినట్టున్నాయి. రక్తం లేదు, చీము లేదు. ఆ గట్టి అంచులే ఆకాశం నిండా చారలు గీశాయి.

నొప్పి లేదంది వదిన. నొప్పుంటే చెప్పేదాన్నిగా అంది. మొదట రేకు అంచు గీసుకుని చిన్నచిన్న గాట్లు పడ్డాయట. అవి మానకుండా ఇలా లోపలికి దిగాయట. ఏ రేకు అని అడిగితే, స్టీలు రేకు అంది. వర్క్‌షాప్‌లో స్టీలు రేకు ఎక్కడిదని అడిగితే, వెనకగది వైపు గడ్డం ఎత్తి చూపించింది.

వెనకగది తలుపు తీయగానే ముక్కుకు బట్టలు తెల్లబరిచే మందు వాసన కొట్టింది. ఆ గదికి ఎప్పుడూ ఏ వాసనా ఉండేది కాదు. లేకుండా చేసింది చిటపటే. ఒకప్పుడు ఇక్కడ యాసిడ్ తొట్లుండేవి. గోధుమరంగు పొగ లేచేది, అందరూ దగ్గుతూనే పనిచేసేవాళ్ళు. ఆమె పోరుపెట్టి వాటిని తీయించి నీలం తొట్టి పెట్టించింది. మైలుతుత్తం కలిపిన నీళ్ళు, అందులో ఎదురెదురుగా రెండు రాగి రేకులు. బొమ్మ గీసిన రేకుకి కరెంటు పెట్టె ప్లస్ క్లిప్పు, ఉత్త రేకుకి మైనస్ క్లిప్పు. గీతల్లోంచి రాగి మెల్లగా కరిగి ఎదుటి రేకు మీదికి చేరుతుంది. పొగ రాదు, కంపు రాదు, నీళ్ళు నీలంగానే ఉంటాయి. దానికీ కొన్ని కట్టుబాట్లున్నాయి. రాగిని రాగి నీళ్ళలోనే పెట్టాలి. ముందు స్విచ్చి ఆపాలి, తర్వాతే క్లిప్పు తీయాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఆ చేతికి గ్లౌజు ఉండాలి, కళ్ళకి అద్దాలుండాలి. మైలుతుత్తం మాత్రం మంచినీళ్ళా? కిటికీ తెరిచుండాలి, గాలిని బయటికి లాగే గోడ ఫ్యాను తిరగాలి. అడుగున చేరిన మడ్డిని డబ్బాకెత్తి మూత పెట్టాలి తప్ప కాలవలో పోయకూడదు. ఇవన్నీ ఆమె ఎర్ర పెయింటుతో గోడ మీద రాసింది.

ఆ గోడకి ఇప్పుడు తెల్ల సున్నం కొత్తగా వేసి ఉంది. చక్రాల బల్ల మీదున్న నీలం తొట్టి పక్కన, అలాంటి బల్ల మీదే, ఇంకో తొట్టి ఉంది. అందులో నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. అడుగున ఆకుపచ్చా గోధుమా కాని మడ్డి. కరెంటు పెట్టె బుయ్యిమని మోగుతోంది. ప్లస్ క్లిప్పుకి తళతళలాడే స్టీలు రేకు వేలాడుతోంది, మైనస్ వైపు సన్నగా బుడగలు లేస్తున్నాయి. గోడకి ఉప్పు బస్తా ఆనించి ఉంది. గ్లౌజులు తగిలించే కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను కోసం చూస్తే, ఫ్యాను ఉండాల్సిన చోట పెద్ద ఫొటో ఫ్రేము కట్టి ఉంది. ఫొటోలో మాస్టారు చొక్కా చేతులు మడుచుకుని, నీలం నీళ్ళలో మణికట్టుదాకా చెయ్యి ముంచి, నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాలు: విషం లేని వర్క్‌షాప్.

ఆ ముంచడం మాస్టారికి అలవాటు. చూడ్డానికి ఎవరొచ్చినా తొట్టిని ముందుగదిలోకి దొర్లించి, మాటల మధ్యలో ఉత్త చెయ్యి ముంచి, నీళ్ళు కారుతున్న అరచేతిని అందరికీ చూపిస్తారు. చూశారా, ఏమీ కాలేదు! అందరూ చప్పట్లు కొడతారు. అలా చేయొద్దని చిటపట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆయన నవ్వి, తువాలుతో చెయ్యి తుడుచుకునేవారు.

చిటపట స్విచ్చి ఆపింది, క్లిప్పులు తీసింది, కిటికీ తెరవబోతే రెక్కలకి మేకులు కొట్టి ఉన్నాయి. వదిన గుమ్మంలోనే నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ప్రదర్శన పెట్టే గ్యాలరీవాళ్ళు ప్రింట్లతోపాటు రేకుల్ని కూడా గోడకి తగిలిస్తారట. రాగి నల్లబడుతుంది, స్టీలైతే మెరుస్తుందని మాస్టారు స్టీలు తెప్పించారట. స్టీలుకి మైలుతుత్తం పనికిరాదు, ఉప్పు చాలన్నారట. గ్లౌజులు చూస్తే వచ్చినవాళ్ళు ఇదేదో ఆస్పత్రి అనుకుంటారని తీయించేశారట. రోజూ సాయంత్రం రేకు పైకెత్తి కుళాయి కింద రుద్ది కడగడం, మగ్గుతో మడ్డి తోడి వెనక కాలవలో పోయడం వదిన పని.

"ఉత్త చేతుల్తోనా?"

"మరి పరాయి చేతులు తెచ్చుకోనా?" అంది వదిన. నవ్వలేదు.

స్టీలుకి తుప్పు పట్టకుండా చూసేది అందులో కలిసున్న క్రోమియం. స్టీల్లో ఉన్నంతసేపూ దాని దారిన అది ఉంటుంది. ఉప్పునీళ్ళలో పెట్టి కరెంటుతో బయటికి లాగితే పసుపుపచ్చ విషమై నీళ్ళలో కలుస్తుంది. ఉప్పు విరిగి వచ్చే క్లోరిన్ గాలిదే ఆ తెల్లబరిచే మందు కంపు. కాలేజీలో పిల్లలకి చిటపట చెప్పిన మొదటి పాఠమే ఇది. ఎవరికో చెప్పడానికి ఊరు దాటి వెళ్ళింది. సొంతింటి మనిషి ఇక్కడ అదే నీళ్ళలో చేతులు పెట్టుకుని కూచుంది.

మాస్టారు ముందుగదిలో ఫ్రేముల మీద దుమ్ము ఊదుతున్నారు. పెద్ద మనిషి, మంచి మాటకారి, చిటపటకి చెయ్యి పట్టుకుని పని నేర్పినవారు. అందుకే ఆమె ఆయన్ని గట్టిగా అనేది, అందుకే ఆయన నవ్వేవారు. ఆమె వెళ్ళి చెప్పాల్సిందంతా చెప్పింది. చెప్పిందంటే అరిచింది. క్రోమియమంది, పసుపు నీళ్ళంది, ఫ్యాను కన్నానికి మీ ఫొటో అడ్డమా అంది, వదిన చెయ్యి ఒకసారి వచ్చి చూడండంది. గొంతు బొంగురుపోయింది. ఆయన ఫ్రేము దించి, పక్కనున్న కుర్చీ చూపించి, వచ్చీ రాగానే మొదలెట్టావా చిటపటా అన్నారు. టీ తెప్పించనా అన్నారు.

"ఉప్పునీళ్ళమ్మా అవి. సముద్రంలో మునిగినవాళ్ళంతా చచ్చిపోయారా?"

ఆ చెయ్యి మరి అంటే, సబ్బు పడి ఉండదన్నారు. కొందరికి చర్మం అలాగే ఉంటుందన్నారు. ఇంకా పట్టుబడితే, మంచి మనసున్నవాడిలా ఓ మాటన్నారు. ఆవిడకి పడకపోతే బలవంతమేముంది, తొట్టి కడగడానికి ఇంకో మనిషిని చూద్దాం. అని మళ్ళీ దుమ్ము ఊదడంలో పడ్డారు. ఇంకో మనిషి అంటే ఇంకో రెండు చేతులు.

చర్మం డాక్టరు దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. ఆవిడ వదిన చేతిని దీపం కింద పెట్టి అటూఇటూ తిప్పి, ఏ కార్ఖానాలో పనమ్మా, వస్తువులకి క్రోమ్ పూత వేసే చోటా అని అడిగింది. కాదండీ, బొమ్మలు అచ్చేసే చోట అంది వదిన. డాక్టరు నమ్మనట్టు చూసింది. పూత పనివాళ్ళకే ఇలాంటి గుంటలు చూశానంది. నొప్పి ఉండదు కాబట్టి ఊరుకుంటారు, అది లోపలికి తినుకుంటూ పోతుంది, అదే దీని మోసం అంది. తర్వాత మామూలుగా, ముక్కులోంచి రక్తం పడుతోందా అని అడిగింది.

వదిన చిటపట వైపు చూడకుండా, పొద్దున లేచాక కాస్త అంది.

"కాస్త" అంటే ఎన్నాళ్ళనుంచీ అన్నది బయటికొచ్చేసరికి చిటపట పళ్ళు పటపట కొరుకుతోంది. డాక్టరు చెప్పినదేమిటంటే, ఆ నీళ్ళని ఇక ముట్టుకోకూడదు, ఆ గాలి పీల్చకూడదు, గుంటలు పూడటానికి చాలా రోజులు పడుతుంది, మచ్చలు మాత్రం ఉండిపోతాయి. మచ్చలంటే అక్కడ చర్మం గట్టిగా ఉంటుందా అని వదిన అడిగింది. ఉంటుందంది డాక్టరు. వదిన కట్టు కట్టించుకుని, ఆటోలో ఇంటిదాకా ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

అన్నయ్య బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి సంగతి విని, చొక్కా మార్చుకోకుండా బయల్దేరబోయాడు. ఆయన సంగతి చూస్తానన్నాడు. వదిన ఆపింది. పని మానెయ్యమన్నాడు. మానేస్తే ఈ చెయ్యి ఏం చేస్తుంది, స్టీరింగు పట్టుకోనా అంది. అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. వదిన ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంటే సగం కిందపడుతోంది. చిటపట చూడలేక వంటింట్లోకెళ్ళి గిన్నెలు తోమే నెపంతో వాటిని పగలగొట్టినంత పని చేసింది.

ప్రదర్శనకి ముందు గ్యాలరీవాళ్ళూ, ఇంకొందరు పెద్దవాళ్ళూ వర్క్‌షాప్ చూడ్డానికి శనివారం వస్తున్నారు. ఆ రోజున వాళ్ళందరి ముందే ఉతికి ఆరేస్తానంది చిటపట. ఆ ఫొటో పీకి నేలకేసి కొడతానంది. ముందస్తుగా రేపే గ్లౌజులు కొనుక్కొచ్చి ఆయన మొహాన పారేస్తానంది.

"నువ్వు కొనకు," అంది వదిన. "నువ్వు కొంటే మన ఇంటి ఖర్చులా అయిపోతుంది. ఆయన్ని కొననీ."

"ఆయన కొంటారా?"

"ఇంకో మాట. శనివారం నువ్వు నోరు తెరవకు."

చిటపట గిన్నె వదిలేసి వచ్చింది. వదిన అన్న మాటలు ఆ తర్వాత చాలా రోజులు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. వదిన గొంతు పెంచలేదు, ఏడవలేదు. బల్ల మీద పడ్డ మెతుకులు ఏరుతూ అంది.

"నువ్వు అరిచావనుకో, ఇంటికెళ్ళి అందరూ నీ కోపం గురించి చెప్పుకుంటారు. నా చెయ్యి ఎవరికీ గుర్తుండదు."

చిటపటకి కోపమొచ్చింది. కోపంలో తప్పేముందని వాదించింది. నేను అరవబట్టే కదా యాసిడ్ తొట్లు పోయాయంది. నిజమే, పోయాయి అంది వదిన, ఆయన ఫొటో దిగారు. చిటపట మళ్ళీ గిన్నెల దగ్గరికెళ్ళింది.

మర్నాడు వర్క్‌షాప్‌కెళ్తే పసుపు తొట్టి మళ్ళీ బుయ్యిమంటోంది. మాస్టారే స్విచ్చి వేశారు. చిటపట మళ్ళీ ఆపింది. ఆయన మళ్ళీ వేశారు. శనివారం దాకా ఉన్న ఆ రెండు రోజులూ ఆ గదిలో అదే తంతు. మేకులు పీకి కిటికీ తెరిస్తే, గాలికి కాగితాలు ఎగురుతున్నాయని మాస్టారు మూయించేవారు. తొట్టిలోంచి ఆఖరి రేకు తీయాల్సి వచ్చినప్పుడు, వదిన తొట్టి దగ్గరికి రాను పొమ్మంది కాబట్టి, ఆయన పొడుగు పట్టకారు వెతికి తెచ్చుకున్నారు. చిటపట అది చూసింది. పట్టకారు చివర రేకు పట్టుకుని, ఒళ్ళు వెనక్కి వంచి, ఒక్క చుక్క మీద పడకుండా ఎంత ఒడుపుగా తీశారో చూసింది. సముద్రపు నీళ్ళకి అంత భయమెందుకో మరి. నోటిదాకా వచ్చింది. మింగేసింది.

శనివారం ముందుగది నిండా జనం. ముందు వరసలో గ్యాలరీ ఆవిడ, పొట్టి జుట్టు, మెడలో కళ్ళద్దాలు. గోడలకి మెరిసే స్టీలు రేకులు, పక్కన వాటి ప్రింట్లు. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో మాంచి ఊపు మీదున్నారు. ఇక్కడ యాసిడ్ లేదు, పొగ లేదు, ముక్కు మూసుకోనక్కర్లేదన్నారు. కళ అంటే ఒకప్పుడు ఊపిరితిత్తులు తాకట్టు పెట్టడమే, ఇక్కడ ఆ రోజులు పోయాయన్నారు. చిటపట కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. కట్టుకుందంటే, ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంది. ఆయన మధ్యమధ్యలో ఆమె వైపు చూస్తున్నారు. ఆమె ఎప్పుడు పేలుతుందా అని ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. పేలితే ఓ జోకు వేసి దాటేయొచ్చు. చిటపట పెదవి విప్పలేదు.

మాస్టారు చొక్కా చెయ్యి మడవడం మొదలెట్టారు. తొట్టి తీసుకురమ్మని వెనకగది వైపు కేకేశారు. చక్రాల చప్పుడైంది. ఆ రోజుకని వచ్చిన వదిన ఎడమచేత్తో, మోచేత్తో నెట్టుకుంటూ బల్లను గది మధ్యకి తెచ్చి ఆపింది. కరెంటు తీగలు విప్పేసి, బల్ల మీద చుట్టలు చుట్టి పెట్టి ఉన్నాయి. తొట్టిలో నీళ్ళు పసుపుపచ్చగా ఊగుతున్నాయి.

"ఇది కాదమ్మా," అన్నారు మాస్టారు నవ్వుతూ, "నీలం తొట్టి."

"ఈసారి బొమ్మలన్నీ దీంట్లోవే కదండీ," అంది వదిన.

అందులో వెటకారం లేదు. పనిమనిషి పని సంగతి చెప్పినట్టు చెప్పింది. గ్యాలరీ ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకొచ్చింది. అవును, స్టీలుదే కదా మేం చూడాల్సింది అంది. ఇంకెవరో ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు.

మాస్టారు చిటపట వైపు చూశారు. చిటపట కిటికీ వైపు చూసింది. ఆయన రెండో చెయ్యి కూడా మడుచుకున్నారు, అవసరం లేకపోయినా. ఉంగరం తీసి జేబులో వేసుకున్నారు. అదెప్పుడూ తీసేవారు కాదు. తర్వాత చెయ్యి తొట్టి మీదికి చాపారు. నీళ్ళకి జానెడు ఎత్తులో ఆ చెయ్యి ఆగిపోయింది.

ఆయన వేళ్ళు కొంచెం ముడుచుకున్నాయి. ఒకసారి కిందికి దిగబోయి మళ్ళీ అక్కడే నిలిచాయి. ఇన్నేళ్ళుగా ఎవరూ అడక్కుండానే మునిగిన చెయ్యి అది. నిజం చెప్పాలంటే, ముంచితే బాగుండుననే అనుకుంది చిటపట ఒక్క క్షణం. వదిన చేతికి దిగిన గుంటలు ఆ చేతికీ దిగాలనుకుంది. అనుకున్నందుకు తర్వాత కూడా ఆమె బాధపడలేదు. మాస్టారు చూపు తొట్టి మీంచి జరిగి, బల్ల అంచున ఆనించి ఉన్న వదిన కట్టు మీద పడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గ్లౌజులివ్వమ్మా," అన్నారు.

"లేవండీ," అంది వదిన. "మీరే తీయించేశారుగా."

ఫోన్ పట్టుకున్నవాళ్ళు దాన్ని కిందికి దించారు. గ్యాలరీ ఆవిడ తొట్టినీ కట్టునీ మార్చి మార్చి చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, చేతికి ఏమైందమ్మా అని అడిగింది. వదిన మాటల్లో చెప్పలేదు. ఎడమచేత్తో కట్టు ముడి విప్పింది. చుట్టు చుట్టుకీ తెల్లగుడ్డ వదులై బల్ల మీద పోగుపడింది. ఆఖరి పొర తీసి అరచేతిని అందరికీ కనపడేలా తిప్పి పట్టుకుంది. మాస్టారు తడి చెయ్యిని ఎలా పట్టుకుని చూపించేవారో, అచ్చం అలాగే.

"ఉప్పునీళ్ళేనండీ," అంది.

చిటపట ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పని పడలేదు. వెనకగది తలుపు తెరిచి ఉండటంతో ఆ కంపు అప్పటికే ముందుగదిలోకి వచ్చింది. ఎవరో దగ్గారు. ఎవరో వీధి తలుపు బార్లా తెరిచారు. గ్యాలరీ ఆవిడ గోడకి తగిలించిన స్టీలు రేకుల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్ళి, ఆఖరిదాని ముందు ఆగి, ఇవి మాకు వద్దని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు కూడా గుంపుగా కదిలారు. టీ కప్పులు ముట్టినవాళ్ళు లేరు.

అందరూ పోయాక మాస్టారు చిటపట మీద విరుచుకుపడ్డారు. ఇదంతా నీ నాటకమన్నారు, నువ్వు నేర్పించావన్నారు. నేను నోరు కూడా తెరవలేదు మాస్టారూ అంది చిటపట. అది నిజమే కాబట్టి ఆయనకి ఇంకా మండింది. వదిన ఎవరి మాటా పట్టించుకోలేదు. కట్టు మళ్ళీ చుట్టుకుంటూ, ఒక చేత్తో ముడి పడక, చిటపట వైపు చాపింది. ముడి వేయించుకున్నాక ఆయనతో అంది, ఈ నీళ్ళు కాలవలో పోసేవి కావట, ఇలాంటివి తీసుకెళ్ళేవాళ్ళెవరో మీరే కనుక్కోండి, ఈ తొట్టి గడప దాటాకే నేను లోపలికొస్తాను, వచ్చినా చెయ్యి మానేదాకా తుడుపు లేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం చిటపట ఒక్కతే వచ్చింది. వెనకగదిలో కిటికీ తెరిచి ఉంది. పసుపు తొట్టికి మూత వేసి, మూత చుట్టూ టేపు అతికించి ఉంది. ఎవరో వచ్చి తీసుకెళ్తారని మాస్టారు ఫోన్లో మాట్లాడుతున్నారు. ఫొటో గోడకి లేదు. ఫ్యాను కన్నంలోంచి వెలుతురు నేల మీద పడింది. బల్ల మీద గ్లౌజుల పెట్టె, ఇంకా విప్పనిది.

ఆ పెట్టె చూసి చిటపట మనసు కొంచెం మెత్తబడింది. ఎంతైనా పని నేర్పిన మనిషి, తెలుసుకున్నారు అనుకుంది. పెట్టె విప్పి ఒక గ్లౌజు తీసి తొడుక్కుంది. వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడాయి. రెండోది తీసింది. అదీ అంతే. పెట్టెలోవన్నీ మాస్టారి చేతికి సరిపోయేవే. వదులు గ్లౌజుతో రేకు పట్టుకుంటే జారిపోతుంది, మణికట్టు దగ్గర నీళ్ళు లోపలికొస్తాయి. లేనిదానికంటే అన్యాయం.

కోపం గొంతుదాకా తన్నుకొచ్చింది. ఆమె దాన్ని అక్కడే పట్టి ఉంచి, పెట్టె తీసుకెళ్ళి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"సైజు తప్పు మాస్టారూ. ఇవి మీ చేతివి."

ఆయన తలెత్తారు. చిటపటా అనలేదు, నవ్వలేదు. గ్లౌజు చేతిలోకి తీసుకుని కాసేపు దాన్ని అటూఇటూ తిప్పారు. లేచి, పెట్టె చంకన పెట్టుకుని, చెప్పులేసుకున్నారు. మార్చి తెస్తానన్నారు. ఆమె మెల్లగా చెప్పిన మాటకి ఆయన లేచి కదలడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదలు. గుమ్మం దాటబోయి ఆగారు. వెనక్కి తిరిగి, మొహమాటంగా, తనలో తను అనుకుంటున్నట్టు అడిగారు.

"ఆవిడ చెయ్యి ఎంత ఉంటుంది?"

గోడల నిండా వదిన తుడిచిన ఆకాశాలే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ చేతిని నాలుగు అడుగుల దూరంలో పెట్టుకుని పనిచేయించుకున్న మనిషి, ఆ చేతిని అమ్ముకుని పేరు తెచ్చుకున్న మనిషి, గుమ్మంలో నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు.

"ఇంటికెళ్ళి అడగండి," అంది చిటపట. "కొలిచి తెచ్చుకోండి."